నిప్పుల మీద కాపురం: ఐస్‌లాండ్ యాత్ర

మొదటి రోజు: కెఫ్లావిక్

హైదరాబాదు నుంచి ఐస్‌లాండ్‌కు నేరుగా వెళ్లే విమానం లేనందువల్ల మేము ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ప్రయాణం పెట్టుకున్నాము. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు అక్కడ మాతో కలిశాడు. ఐరోపా సమాఖ్యలో సభ్యత్వం తీసుకోకపోయినా ఒకే వీసాతో సభ్యదేశాలన్నిటా తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలో ఐస్‌లాండ్ ఉన్నందువల్ల వేరే వీసా అవసరం రాలేదు. అది ఆగస్టు నెలాఖరు. నడివేసవిలో దాదాపు చీకటే ఎరగని ఆ దేశంలో రాత్రులు మళ్లీ రాత్రుల్లా ఉండటం మొదలయ్యే కాలం.

విమానం దిగుతుండగా కిటికీలోంచి చూస్తే కనుచూపుమేర చెట్టన్నది లేదు. గడ్డకట్టిన నల్లటి లావా, దాని మీద దట్టంగా పరుచుకున్న నాచు, ఆ వెనుక సముద్రం. తొమ్మిదో శతాబ్దంలో నార్వే నుంచి మనుషులు వచ్చి స్థిరపడేనాటికి ఈ దీవిలో నాలుగో వంతుకు పైగా నేల బర్చ్ అడవులతో నిండి ఉండేదని అంచనా. వంటచెరకుకు కొన్ని, బొగ్గుకు కొన్ని, గొర్రెల మేతకు కొన్ని పోగా ఇవాళ అడవి మిగిలింది నూటికి రెండు పాళ్లు మాత్రమే.

దేశం విస్తీర్ణం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే కాస్త తక్కువ. జనాభా మాత్రం నాలుగు లక్షలకు లోపే. వారిలోనూ మూడింట రెండు వంతుల మంది రాజధాని రేక్యావిక్‌లోనూ దానిని ఆనుకొని ఉన్న ఊళ్లలోనూ నివసిస్తారు. దేశం నడుమనున్న పీఠభూమిలో స్థిర నివాసాలే లేవు. జలపాతాలు చూడటానికి వచ్చేవారిని ఈ దేశం నిరాశపరచదు. నన్ను ఇక్కడికి రప్పించిన ప్రశ్న మాత్రం వేరు: ఎప్పుడు ఎక్కడ చీలుతుందో తెలియని నేల మీద, మన ఒక మోస్తరు జిల్లా కేంద్రమంత జనాభా, సొంత భాషతో, సొంత నాణెంతో, సైన్యమన్నదే లేకుండా ఒక దేశంగా ఎలా నిలబడగలిగింది?

విమానాశ్రయం నుంచి రాజధానికి యాభై కిలోమీటర్లు. ఆ దారిలో దక్షిణానికి తిరిగితే స్వార్త్‌సెంగీ భూతాప విద్యుత్కేంద్రం, దాని నుంచి బయటికి వచ్చే వేడినీటితో ఏర్పడిన బ్లూ లగూన్ కొలను, ఆపైన గ్రిందావిక్ అనే చేపల రేవు వస్తాయి. 2023 నవంబరు 10 రాత్రి భూమి ఆగకుండా కంపించడంతో సుమారు 3,800 మంది ఉన్న గ్రిందావిక్‌ను గంటల వ్యవధిలో ఖాళీ చేయించారు. డిసెంబరు 18న ఊరికి ఉత్తరాన నేల బద్దలై లావా పైకి లేచింది. మరుసటి నెలలో లావా ఊరి అంచుకు చేరి కొన్ని ఇళ్లను దహించింది. విద్యుత్కేంద్రం చుట్టూ, ఊరి చుట్టూ యంత్రాలతో మట్టి, రాయి పోసి కట్టిన ఎత్తైన కట్టలు ఇప్పుడు ఆ ప్రాంతానికి కొత్త కొండల్లా కనిపిస్తాయి. లావా వాటిని ఒరుసుకొని ఆగిపోయిన చోటు మేము ఆగి చూశాము. కట్టకు ఒక పక్క రోడ్డు, మరో పక్క అంచులు ఇంకా పదునుగా ఉన్న నల్లటి రాయి; అక్కడక్కడ సన్నని ఆవిరి లేస్తూనే ఉంది. 2024 ఫిబ్రవరిలో లావా వేడినీటి ప్రధాన గొట్టాన్ని తెంచివేయడంతో నడిచలికాలంలో విమానాశ్రయం ఉన్న ఈ ద్వీపకల్పంలోని ఇరవై వేలకు పైగా ప్రజల ఇళ్లు చల్లబడిపోయాయి. ఆ గొట్టానికి ఇంత ప్రాముఖ్యం ఎందుకో మర్నాడు రేక్యావిక్‌లో బోధపడింది.

రెండో రోజు: రేక్యావిక్

పొద్దున్నే స్నానాల గదిలోకి వెళ్లిన మా ఆవిడ ముక్కు మూసుకొని బయటికి వచ్చింది. కుళాయి తిప్పగానే వచ్చిన వేడినీటికి గంధకపు వాసన ఉంది. చన్నీళ్లకు ఆ వాసన లేదు. ఆ నీరు వేరే గొట్టంలో వస్తుంది, కుళాయి కింద గ్లాసు పెట్టి నేరుగా తాగవచ్చు. దేశంలో పదింట తొమ్మిది ఇళ్లు భూగర్భంలోని వేడినీటితోనే వెచ్చబడతాయి. 1930లో ఊరి అంచున ఉన్న వేడి ఊటల నుంచి మూడు కిలోమీటర్ల గొట్టం వేసి ఒక బడికి, ఒక ఆసుపత్రికి, ఈతకొలనుకు, కొన్ని పదుల ఇళ్లకు నీరివ్వడంతో ఇది ఆరంభమైంది. అంతకుముందు ఆ ఊటల దగ్గరికే రేక్యావిక్ ఆడవాళ్లు బట్టల మూటలు మోసుకొని నడిచి వెళ్లి ఉతుక్కొనేవారు; సలసల కాగే నీటిలో జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ఆ రోజుల్లో ఊరంతా బొగ్గుపొగ కమ్ముకొని ఉండేదని పాత ఫొటోలు చెబుతాయి. 1970లలో చమురు ధరలు ఆకాశాన్నంటినప్పుడు ప్రభుత్వం పట్టుబట్టి దేశమంతటా ఈ గొట్టాలను విస్తరించింది. నేస్యావెల్లిర్ కేంద్రం నుంచి రాజధానికి 27 కిలోమీటర్ల పొడవున పారి వచ్చే నీరు దారిలో కోల్పోయే వేడి రెండు డిగ్రీల లోపే. ఇళ్లను వెచ్చబెట్టి చల్లారిన నీటిని కూడా వారు వృథా పోనివ్వరు. నడిరోడ్ల కింద, కాలిబాటల కింద పరిచిన గొట్టాలలో తిప్పి, పైన పడిన మంచును కరిగిస్తారు. విద్యుత్తులో మూడింట రెండు వంతులకు పైగా జలవిద్యుత్తు, మిగిలినది దాదాపు పూర్తిగా భూతాప విద్యుత్తు. ఇంత చవక కరెంటు వల్ల మరో పరిణామం కూడా కలిగింది: దేశంలో తయారయ్యే విద్యుత్తులో సగానికి మించి అల్యూమినియం కర్మాగారాలే తాగేస్తాయి. వాటికోసం కట్టిన ఆనకట్టల మీద ఇక్కడ గట్టి వాదాలే నడిచాయి.

ఊరు చూడటానికి ఒక పూట చాలు. కొండ మీది హల్‌గ్రిమ్స్‌కిర్క్యా చర్చి గోపురం 74.5 మీటర్లు, 1945లో మొదలుపెట్టిన కట్టడం 1986కు గాని ముగియలేదు. దాని ముఖభాగం లావా చల్లారినప్పుడు ఏర్పడే రాతి స్తంభాల వరుసను పోలి ఉంటుంది. రేవు ఒడ్డున హార్పా సంగీత భవనం 2011లో పూర్తయింది. పని సగంలో ఉండగా 2008 అక్టోబరులో దేశంలోని మూడు పెద్ద బ్యాంకులూ ఒక్క వారంలో కుప్పకూలాయి. అప్పుడు ఆ అస్థిపంజరాన్ని వదిలివేయాలా, పూర్తి చేయాలా అన్న మీమాంసలో పూర్తి చేయడానికే మొగ్గు చూపారు. మరికొంచెం ముందుకు నడిస్తే హోఫ్దీ అనే తెల్లటి చెక్క ఇల్లు. 1986 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ అణ్వాయుధాల గురించి చర్చించుకున్నది అక్కడే.

నాకు రేక్యావిక్‌లో అన్నిటికంటె ముఖ్యమనిపించిన స్థలం ఈతకొలను. ప్రతి చిన్న ఊరికీ ఒకటి ఉంటుంది. బడిపిల్లలందరికీ ఈత తప్పనిసరి పాఠం. చేపలు పట్టి బతికే జాతి పిల్లలకు ఈత రాకపోవడం వల్ల ఒడ్డుకు చేరువలోనే ఎందరో పడవవాళ్లు మునిగిపోయిన అనుభవం దాని వెనుక ఉంది. కొలనులోకి దిగే ముందు బట్టలన్నీ విప్పి, సబ్బుతో ఒళ్లు రుద్దుకోవాలి. ఎక్కడెక్కడ రుద్దుకోవాలో మనిషి బొమ్మ మీద ఎర్రరంగుతో గుర్తుపెట్టిన పటం గోడకు తగిలించి ఉంటుంది. నీటిలో క్లోరిన్ తక్కువ కలపడానికి ఇది అవసరమని చెబుతారు. మా ఆవిడకు ఇది మింగుడుపడలేదు. ఆడవారి వైపు తెర ఉన్న గది ఒకటుందని తెలిశాకగాని లోపలికి వెళ్లలేదు. బయట పన్నెండు డిగ్రీల చలి, సన్నని వాన. నలభై డిగ్రీల తొట్టిలో మెడ వరకు మునిగి కూర్చున్నవారిలో ఒక పంతులమ్మ, పదవీ విరమణ చేసిన ఒక పడవ ఇంజనీరు, బస్సు డ్రైవరు ఉన్నారు. నగరపాలక సంఘం బస్సు మార్గాలను మార్చడం మీద గట్టిగా వాదించుకుంటూ, మధ్యలో మాకోసం ఇంగ్లీషులోకి దిగి తాత్పర్యం చెప్పేవారు. బట్టలు లేనిచోట ఉద్యోగం, హోదా కనబడవు కాబట్టి ఎవరితోనైనా ఏదైనా మాట్లాడవచ్చునని ఆ ఇంజనీరు అన్నాడు.

పేర్లలోనూ అంతే. ఇక్కడ దాదాపు ఎవరికీ ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరుకో తల్లి పేరుకో కొడుకు, కూతురు అనే మాటను చేర్చడమే పద్ధతి. అందువల్ల ఒకే ఇంట్లో తల్లి, తండ్రి, కొడుకు, కూతురు నలుగురికీ నాలుగు వేర్వేరు చివరి పేర్లు ఉండవచ్చు. అచ్చులో ఉన్నన్నాళ్లూ టెలిఫోను పుస్తకం కూడా మొదటి పేర్ల వరుసలోనే ఉండేది, దేశాధ్యక్షుణ్ణి కూడా మొదటి పేరుతోనే పిలుస్తారు. 1980లో ఎన్నికైన విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్ ప్రజల ఓటుతో దేశాధ్యక్షురాలైన ప్రపంచపు తొలి మహిళ. అందుకు ఐదేళ్ల ముందు, 1975 అక్టోబరు 24న, దేశంలోని నూటికి తొంభై మంది ఆడవాళ్లు ఇంటిపనీ ఉద్యోగమూ రెండూ మానేసి వీధుల్లోకి వచ్చారు. ఆ ఒక్క రోజు లేకపోతే ఆ ఎన్నిక జరిగేదా అన్నది ఇక్కడివారే తరచు వేసే ప్రశ్న.

మూడో రోజు: థింగ్వెల్లిర్

రాజధానికి ఈశాన్యంగా గంట ప్రయాణం. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఇక్కడ దూరం జరుగుతున్నాయి. ఆ సాగుడుకు నేల చీలి, మధ్యభాగం కుంగి, అల్మన్నగ్యా అనే పొడవాటి లోయ ఏర్పడింది. రెండు వైపులా నిటారు రాతిగోడల నడుమ కాలిబాట మీద నడుస్తూ ఉంటే ఎత్తు తగ్గుతున్నట్టు తెలియదు. గోడ చివర చేరి వెనుదిరిగితేగాని ఎంత కిందికి దిగామో కనబడదు.

క్రీ.శ. 930లో ఇక్కడ ఆల్థింగి అనే మహాసభ మొదలైంది. రాజు లేని దేశంలో, ప్రతి ఏటా జూన్ నెలలో రెండు వారాలపాటు ఊళ్ల నాయకులు, వారి వెంట వచ్చిన రైతులు, వర్తకులు, తగవులున్నవారు గుర్రాల మీద చేరేవారు. లిఖిత శాసనాలు లేవు. శాసనవక్త అనే అధికారి, ధర్మశిల అనదగిన ఒక రాతిమిట్ట మీద నిలిచి, చట్టంలో మూడో వంతు చొప్పున ఏటా కంఠస్థంగా వల్లించాలి. మూడేళ్ల పదవీకాలంలో చట్టమంతా ఒకసారి ప్రజల చెవిన పడుతుంది. వెనుక రాతిగోడ ఉన్నందువల్ల గొంతు దూరానికి వినబడేదని అంటారు. మా మేనల్లుడు సరదాకి అక్కడ నిలబడి ఒక సుమతీ శతక పద్యం చదివాడు. కింద మైదానంలో ఉన్న నాకు గాలి హోరే ఎక్కువగా వినిపించింది.

ఆ సభ చేసిన నిర్ణయాలలో సాటిలేనిది క్రీ.శ. 1000 ప్రాంతపుది. పాత దేవతలను కొలిచేవారికీ, క్రైస్తవులకూ మధ్య కత్తులు దూసుకొనే పరిస్థితి వచ్చినప్పుడు ఉభయపక్షాలూ తీర్పును శాసనవక్త థోర్గెయిర్‌కు వదిలిపెట్టాయి. ఆయన పాత మతం వాడు. ఒక పగలూ ఒక రాత్రీ కంబళి కప్పుకొని పడుకొని ఆలోచించి, మరునాడు లేచి, ఒక దేశానికి రెండు చట్టాలుంటే శాంతి చెడుతుందనీ, అందరూ క్రైస్తవం స్వీకరించాలనీ ప్రకటించాడు. చాటుగా పాత దేవతలకు బలులిచ్చుకోవడానికీ, గుర్రపు మాంసం తినడానికీ అనుమతి ఉంచడం అందులోని లౌక్యం. ఆ సభ న్యాయమంతా ఇలా మెత్తగా ఉండేదని అనుకోరాదు. అదే లోయలో, వంతెన పక్కనున్న మడుగులో, పదిహేడు, పద్ధెనిమిదో శతాబ్దాలలో వ్యభిచారం, శిశుహత్య నేరాలు మోపబడిన స్త్రీలను గోనెలో కట్టి ముంచేవారు. ఆ మడుగు నీరు ఇప్పుడు అతి స్వచ్ఛంగా, అడుగు రాళ్లు కనిపించేంత తేటగా ఉంది.

1262-64 నాటికి దేశం నార్వే రాజు చేతికీ, ఆ తరువాత డెన్మార్క్ చేతికీ పోయింది. సభ న్యాయస్థానంగా కుంచించుకుపోయి 1800లో రద్దయింది. 1845లో రేక్యావిక్‌లో మళ్లీ కూడింది. నేటి పార్లమెంటు అదే పేరుతో 63 మంది సభ్యులతో నడుస్తోంది. 1918లో సార్వభౌమాధికారం, 1944 జూన్ 17న, డెన్మార్క్ ఇంకా జర్మన్ల ఆక్రమణలో ఉండగా, ఇదే మైదానంలో కుండపోత వానలో గణతంత్ర ప్రకటన.

తక్కిన దారి అందరూ వెళ్లేదే. స్ట్రొక్కుర్ ఊట ఐదు పది నిమిషాలకొకసారి నీలిరంగు బుడగలా ఉబ్బి పైకి ఎగజిమ్ముతుంది. ఆ ఉబ్బే అరక్షణమే చూడదగినది, తరువాతి ధార ఫొటోలలో చూసినదే. గుల్‌ఫోస్ జలపాతం రెండు మెట్లుగా 32 మీటర్లు దూకుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో దానికి ఆనకట్ట కట్టాలని విదేశీ మదుపుదారులు పూనుకున్నప్పుడు పక్క పొలం రైతుబిడ్డ సిగ్రిదుర్ తోమస్దోత్తిర్ రేక్యావిక్ దాకా ఎన్నోసార్లు నడిచివెళ్లి పోరాడింది. ఆమెకు సాయపడిన న్యాయవాది స్వెయిన్ బ్యోర్న్‌సన్ తరువాత దేశ తొలి అధ్యక్షుడయ్యాడు. మధ్యాహ్నం భోజనం ఆ దగ్గరిలోనే ఒక గాజుతోటలో. భూతాపం, కరెంటు దీపాలు కలిసి ఏడాది పొడుగునా టమాటాలు పండిస్తాయి. తీగల మధ్యనే బల్లలు వేసి టమాటా సూపు, అప్పుడే కాల్చిన రొట్టె పెడతారు. శాకాహారి అయిన మా ఆవిడ ఈ దేశంలో కడుపునిండా తిన్న మొదటి భోజనం ఇదే. మిగతా రోజులు ఆమెను స్కీర్ కాపాడింది. గుడ్డలో కట్టి నీరు వార్చిన గట్టి పెరుగు లాంటిదది, పులుపు తక్కువ, ఏ కొట్టులోనైనా దొరుకుతుంది.

నాలుగో రోజు: హెయ్మాయ్

దక్షిణ తీరం నుంచి పడవలో సుమారు నలభై నిమిషాలు వెళితే వెస్ట్‌మన్నయ్యార్ దీవులలో మనుషులున్న ఏకైక దీవి హెయ్మాయ్. రేవులోకి ప్రవేశించే దారి ఒక పక్క నిలువు కొండ, మరో పక్క లావా గోడ నడుమ ఇరుకుగా ఉంటుంది. ఆ లావా గోడ వయసు 1973 నుంచి లెక్క.

ఆ ఏడాది జనవరి 23 అర్ధరాత్రి దాటాక, ఏ ముందు హెచ్చరికా జనానికి తెలియకుండానే, ఊరి అంచున ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా నేల చీలి నిప్పు ఎగసింది. అదృష్టమేమిటంటే ముందురోజు తుపాను వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. సుమారు 5,300 మందిని తెల్లవారేలోగా ఆ పడవలే ప్రధాన భూభాగానికి చేరవేశాయి. తరువాత ఐదు నెలలకు పైగా విస్ఫోటనం సాగింది. బూడిద కింద, లావా కింద దాదాపు నాలుగు వందల ఇళ్లు నాశనమయ్యాయి. లావా రేవు ముఖద్వారాన్ని మూసివేస్తే ఊరికి బతుకే ఉండదు. కనుక పంపులు తెప్పించి లక్షల టన్నుల సముద్రపు నీటిని లావా ముఖం మీద చిమ్మి, దాన్ని గడ్డకట్టించి, దాని ధాటిని తగ్గించారు. మొదట్లో ఈ ఆలోచనను నవ్వుకున్నవారూ ఉన్నారు. చివరికి రేవు నిలిచింది. పైగా కొత్త లావా గోడ వల్ల మునుపటికంటె సురక్షితమైంది. దీవి విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లకు పైగా పెరిగింది. వెనక్కి వచ్చినవారు చల్లారని ఆ లావాలోనే గొట్టాలు వేసి పదేళ్లకు పైగా తమ ఇళ్లను వెచ్చబెట్టుకున్నారు! మొదటి రోజు చూసిన కట్టల వెనుక ఉన్న ధైర్యానికి మూలం ఇక్కడ ఉంది.

బూడిదలోంచి తవ్వి తీసిన ఒక ఇంటి చుట్టూ ఎల్ద్‌హెయ్మార్ ప్రదర్శనశాలను కట్టారు. కుంగిన పైకప్పు, పగిలిన కిటికీలోంచి లోపలికి పోసుకున్న నల్లటి రవ్వ, వంటగది గోడకు ఇంకా అంటి ఉన్న పలకలు. ఆ ఇల్లు వదిలిపోయినవారు ఆ రాత్రి ఏమి పట్టుకొని పరుగెత్తారో ఊహించుకోవచ్చు. అక్కడి నుంచి సుమారు రెండు వందల మీటర్ల ఎత్తున్న ఎల్ద్‌ఫెల్ కొండ ఎక్కి, పైన ఎర్రమట్టిని కాస్త గోకి చేయి పెడితే ఈనాటికీ వేడి తగులుతుంది.

సాయంత్రం వీధుల్లో పిల్లలు అట్టపెట్టెలు, టార్చిలైట్లు పట్టుకొని తిరుగుతున్నారు. రంగుల ముక్కు పఫిన్ పక్షుల పిల్లలు ఈ రోజుల్లోనే గూళ్లు వదిలి రాత్రివేళ సముద్రం వైపు ఎగురుతాయి. వెన్నెలను చూసి దారి వెతుక్కొనే అవి ఊరి దీపాలకు మోసపోయి వీధుల్లో దిగుతాయి. పిల్లలు వాటిని కార్ల కింద నుంచి, చేపల పెట్టెల సందుల్లోంచి పట్టి, రాత్రి ఇంట్లో ఉంచుకొని, పొద్దున తూకం వేయించి, సముద్రం ఒడ్డున గాలిలోకి విసిరి వదులుతారు. ఎనిమిదేళ్ల పాప ఒకతె తన పెట్టె మూత కొంచెం తెరిచి చూపించింది. పెద్దవాటికి ఉండే రంగు ముక్కు దీనికి ఇంకా రాలేదు. బూడిదరంగు ముఖం, వెలుతురుకు చిట్లించుకున్న కళ్లు, మూల ఒదిగి నిలబడి గోళ్లతో అట్టను గీరుతోంది. నిద్ర మానుకొని ఈ పని చేసే పిల్లల్ని పెద్దలు అడ్డుకోకపోవడమే కాదు, కార్లలో వెంటబెట్టుకొని తిప్పుతున్నారు. అదే దీవిలో పఫిన్ మాంసం తినే ఆచారమూ ఉందన్నది వేరే సంగతి.

ఐదో రోజు: వీక్

వాన, ఎదురుగాలి. సెల్యలాండ్స్‌ఫోస్ జలపాతం వెనుక వైపు నడిచాము, ఎలాగూ తడిశాము కనుక. పక్కనే ఎయ్యఫ్యత్లయోకుల్, 2010 ఏప్రిల్‌లో బూడిద చిమ్మి ఐరోపా విమానాలను రోజుల తరబడి నేల మీద కూర్చోబెట్టిన కొండ, మబ్బు చాటున ఉండిపోయింది. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరంలో ముందు కనిపించేది హెచ్చరిక దీపాల బోర్డు. ఉన్నట్టుండి పొడవుగా లోపలికి వచ్చే అలలు అక్కడ యాత్రికులను లాక్కుపోయాయి. బోర్డు ముందే నిలబడి, దాన్ని చదవకుండా, వీపు సముద్రానికి పెట్టి సెల్ఫీలు దిగేవారు కనీసం పాతికమంది ఉన్నారు.

వీక్ కొన్ని వందల ఇళ్లున్న ఊరు. దాని వెనుక మీర్దల్స్‌యోకుల్ హిమానీనదం, దాని కింద కాట్లా అగ్నిపర్వతం. 1918లో చివరిసారి పేలినప్పుడు కరిగిన మంచు వరదై సముద్రం దాకా ఊడ్చుకుపోయింది. మళ్లీ వస్తే ఊరంతా కొండ మీది చర్చికి చేరాలన్నది ఏర్పాటు. అలాంటప్పుడు తాడు, దీపం పట్టుకొని ముందుండేవారు జీతగాళ్లు కారు. దేశమంతటా ఊరూరా ఉన్న స్వచ్ఛంద రక్షక దళాలు ఆ పని చేస్తాయి. వాటి ఖర్చులకు పెద్ద ఆధారం కొత్త సంవత్సరానికి ముందు అవే అమ్మే బాణసంచా. ప్రతి ఇల్లూ ఆ టపాకాయలను చందా అనుకొనే కొంటుందట.

ఆరో రోజు: లాకి లావా, వత్నయోకుల్

వీక్ దాటి తూర్పుకు వెళితే రోడ్డుకు ఇరువైపులా నాచు కప్పుకున్న లావా మైదానం మొదలవుతుంది. మెత్తటి పచ్చటి పరుపులా అందంగా ఉన్న ఈ భూమి చరిత్ర భయంకరమైనది. 1783 జూన్ 8న లాకి చీలిక తెరుచుకొని ఎనిమిది నెలలు లావా కక్కింది. లావా కంటే దాని విషవాయువులు ఎక్కువ చంపాయి. గడ్డి మీద పడిన ఫ్లోరిన్ తిని గొర్రెలలో దాదాపు ఐదింట నాలుగు వంతులు, పశువులలో సగం చనిపోయాయి; వచ్చిన కరువులో దేశ జనాభాలో ఐదో వంతు మనుషులు, అంటే తొమ్మిది వేలకు పైగా, అంతరించారు. కిర్క్యుబయార్‌క్లౌస్తుర్ గ్రామంలో జూలై 20న లావా చర్చి దాకా వస్తుండగా యోన్ స్టెయిన్‌గ్రిమ్‌సన్ అనే పాదిరి జనాన్ని లోపల కూర్చోబెట్టి ప్రార్థన చేయించాడు. బయటికి వచ్చి చూస్తే లావా ముందుకు కదలకుండా ఆగిపోయింది. ఊరివారు దానిని దైవలీల అన్నారు. ఆ పాదిరి అంతటితో ఊరుకోక విస్ఫోటనం గురించి తేదీలతో సహా రాసిపెట్టిన వివరాలు ఇప్పటి శాస్త్రజ్ఞులకు ముఖ్యమైన ఆధారం.

అక్కడి నుంచి స్కెయ్దరార్‌సాందుర్, కిలోమీటర్ల కొద్దీ బూడిదరంగు ఇసుక. దీవిని చుట్టివచ్చే 1,300 కిలోమీటర్లకు పైబడిన వలయ రహదారి 1974 దాకా పూర్తికాకపోవడానికి కారణం ఈ ఇసుకలో ఇష్టం వచ్చినట్టు దారి మార్చుకొనే నదులు. ఆ ఏడు వంతెన కట్టారు. 1996లో మంచు పొరల కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీరు నెల రోజులు పోగుపడి, నవంబరు 5న ఒక్కసారిగా తెగి వచ్చింది. ఇళ్లంతటి మంచుగడ్డలను మోసుకొచ్చిన ఆ వరదకు కొట్టుకుపోయిన వంతెన ఉక్కు దూలాలు రెండు రోడ్డు పక్కన నిలిపి ఉంచారు. దగ్గరికి వెళ్లి చూశాము. నా నడుము ఎత్తుకు మించిన దూలం మెలితిరిగి ఉంది; బోల్టు రంధ్రాలు కోలగా సాగిపోయాయి, తుప్పు పొరలుగా లేస్తోంది. దాని మీద యాత్రికులు పేర్లు గీకారు. తెలుగులో ఒకటి కనిపించకపోవడం మా ఆవిడకు గొప్ప ఊరట.

యోకుల్సార్లోన్ సరస్సు సాయంకాలపు ఎండలో ఎంత సుందరంగా ఉన్నా, 1930లకు ముందు అది లేదని తెలిశాక చూసే చూపు మారుతుంది. దేశంలో ఎనిమిది శాతం నేలను కప్పిన వత్నయోకుల్ నుంచి దిగే ఒక హిమానీనదం వెనక్కి తగ్గడం వల్ల ఏర్పడిన గుంత అది. ఇప్పుడు 200 మీటర్లకు మించిన లోతుతో దేశంలోకెల్లా లోతైన సరస్సుల్లో ఒకటి. విరిగిపడిన మంచుగడ్డలు సముద్రంలోకి పోయి అలలకు నల్ల ఇసుక మీదికి కొట్టుకొస్తాయి. రాత్రి ధ్రువకాంతి కోసం చాలాసేపు బయట నిలబడ్డాము, మబ్బు తొలగలేదు.

ఏడో రోజు: తిరుగు దారి

రోజంతా కారులోనే. పొద్దున రహదారుల సంస్థ పటంలో తూర్పు వైపు రోడ్డు మూసినట్టు ఎర్రగా ఉండటంతో ముందుకు పోవాలన్న ఆలోచన మానుకొని పడమటికి మళ్లాము. గాలికి కారు తలుపు విరిగిపోతే బీమా వర్తించదని అద్దెకిచ్చినవారు నవ్వుతూ చెప్పిన మాట ఆ రోజు అర్థమైంది; ఒకరు పట్టుకుంటేగాని మరొకరు తలుపు తెరవలేకపోయాము. దారిలో ఒకచోట కొండల మీంచి గొర్రెలను తోలుకొస్తున్నారు. వేసవంతా కాపరి లేకుండా తిరిగిన మందలను సెప్టెంబరులో ఊరంతా కలిసి దించి, గుండ్రటి దొడ్డిలో, చెవి గుర్తులను బట్టి ఎవరివి వారు ఏరుకుంటారు. గుర్రాలు పొట్టివి, జూలు ఒత్తు. ఈ జాతి గుర్రం ఒకసారి దేశం దాటితే మళ్లీ రానివ్వరు. బయటి రోగాలు రాకుండా శతాబ్దాల నుంచి పాటిస్తున్న నియమం అది.

చివరి రోజు: మళ్లీ రేక్యావిక్

విమానం సాయంత్రం కాబట్టి రెండు చోట్లకు సమయం దొరికింది. మొదటిది చేతిరాత గ్రంథాలున్న ఎద్దా భవనం. లేగదూడ చర్మం మీద రాసిన మధ్యయుగపు గ్రంథాలను ఆర్ని మగ్నూసన్ అనే పండితుడు ఊరూరా తిరిగి సేకరించి కోపెన్‌హేగెన్‌కు చేర్చాడు. 1728 నాటి అగ్నిప్రమాదంలో కొన్ని పోయినా ముఖ్యమైనవి దక్కాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఈ దేశం డెన్మార్క్‌ను అడిగిన ఆస్తి అదే. 1971 ఏప్రిల్ 21న డానిష్ నౌకాదళపు ఓడ తొలి రెండు గ్రంథాలను తెచ్చినప్పుడు రేవు దగ్గర వేలమంది నిలబడ్డారు. మిగిలినవి రావడం 1997 దాకా సాగింది. ఏలిన దేశం నుంచి ఇలా ఒప్పందంతో తిరిగొచ్చిన సంపద ప్రపంచంలో బహు అరుదు. మన అమరావతి శిల్పాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న సంగతి నాకు అక్కడ గుర్తురాకుండా ఎలా ఉంటుంది?

రెండోది రేవులో లంగరు వేసిన ఓదిన్ అనే తీరరక్షక ఓడ. ఈ దేశానికి చేపలే ప్రాణం. 1958 నుంచి 1976 వరకు తన చేపల జలాల సరిహద్దును 12 మైళ్లు, 50 మైళ్లు, చివరకు 200 మైళ్లకు పెంచుకుంటూ పోయిన ఐస్‌లాండ్‌తో బ్రిటన్ మూడుసార్లు తలపడి, తన యుద్ధనౌకలను పంపింది. ఐస్‌లాండ్ దగ్గర ఉన్నవి గుప్పెడు చిన్న ఓడలు. వాటి వెనుక తాడుకు కట్టి ఈడ్చే, లంగరును పోలిన నాలుగు కొక్కేల కత్తెరతో బ్రిటిష్ వలల ఉక్కుతాళ్లను తెంచి, వలను చేపలతో సహా సముద్రం పాలు చేసేవారు. ఆ కత్తెరను ఇక్కడ చూడవచ్చు: లోపలి అంచులకు పదును పెట్టిన మామూలు ఇనుప పనిముట్టు, ఏ కమ్మరి కొలిమిలోనైనా తయారయ్యేది. దానితోపాటు కెఫ్లావిక్‌లోని నాటో స్థావరాన్ని మూసివేస్తామన్న బెదిరింపు కూడా పనిచేసింది. 1976 జూన్‌లో బ్రిటన్ 200 మైళ్లకు ఒప్పుకుంది. గెలిచినవారి కథకు మరో కొస కూడా ఉంది. 1984లో పెట్టిన చేపల కోటాలు తరువాత అమ్ముకొనేందుకు వీలైన ఆస్తులయ్యాయి, చిన్న రేవుల కోటాలు పెద్ద కంపెనీల చేతికి చేరాయి. ఎవరి చేపలు ఇవి అన్న తగవు ఇప్పుడు దేశం లోపలే నడుస్తోంది.

ఓడ దిగాక మా మేనల్లుడు రేవు పక్క కొట్టులో ఎండుచేప ముక్కల పొట్లం కొన్నాడు. ఇక్కడివారు దాన్ని వెన్న రాసుకొని తింటారు. కారెక్కగానే ఆ వాసనకు మా ఆవిడ నాలుగు కిటికీలూ దించేసి, "చలికి వణికినా సరే, విమానం ఎక్కేలోగా అది ఖాళీ కావాలిరా" అని షరతు పెట్టింది. కెఫ్లావిక్ చేరేసరికి వాడు, నేను కలిసి సగం మాత్రమే తినగలిగాము.